నాదమును శోధించిన రామన్

గుంటూరు, ప్రకాశము జిల్లాల నల్లరేగడి భూములలో ప్రత్తియు, మిరపయు ప్రధానమైన పైరులు. నా బాల్యమున ప్రత్తితీతలు ముగిసిన పిమ్మట దూదేకు సాయిబుగారు పెద్ద విల్లును భుజమున మోసికొని మా గ్రామమునకు వచ్చుచుండెడివారు. మా వసారాలో చాప పఱచి, దూదికుప్పను ముందిడుకొని, వింటికి బిగించిన నరమును కొయ్యగూటముతో మీటుచుండగా ఆ నరము ఝుమ్మని మ్రోగెడిది. దాని కంపనమునకు చిక్కుపడిన దూది విడివడి నురుగువలె పైకి లేచెడిది. ఆ మ్రోత వినుటకే పిల్లలము చుట్టును చేరెడివారము. ఒకనాడు నాకొక వింత గోచరించెను. వింటినారి మ్రోగినప్పుడెల్ల వంటయింటి గోడ నానుకొనియున్న ఇత్తడి బిందెలలో ఒక్కటి మాత్రము సన్నగా పలుకుచుండెను. ప్రక్కనున్నవి మూగవలె నుండెను. మా అమ్మ ఆ బిందెలో నాలుగు చెంబుల నీరు పోయగానే అదియు మౌనము వహించెను. కారణమేమని నేనడుగగా ఇంటిలో నెవ్వరును చెప్పలేకపోయిరి. హైస్కూలులో భౌతికశాస్త్రము చదివినప్పుడుగాని నా సందేహము తీరలేదు.

మ్రోగగల ప్రతి వస్తువునకును తనకు సహజమైన కంపనసంఖ్య యొకటి కలదు. సెకనునకు ఇన్నిమారులు కంపించుట దాని స్వభావము. బయటినుండి వచ్చిన ధ్వని సరిగా ఆ సంఖ్యతో తాకెనేని, ప్రతి తాకిడియు ముందటి తాకిడికి తోడై, వస్తువు క్రమముగా బలముగా కంపింపసాగును. సంఖ్య కలియనిచో ఒక తాకిడి చేసినదానిని మఱియొకటి చెఱుపును. అట్లతద్ది నాటి ఊయలను మీరు చూచియుందురు. ఊయల తనంతట తాను వెనుకకు వచ్చి తిరుగబోవు క్షణమున చిన్నపిల్ల వ్రేలితో నెట్టినను చాలును, కొంతసేపటికి అది కొమ్మలనంటును. సమయము తప్పి ఎంత బలవంతుడు నెట్టినను నెట్టినవానికే దెబ్బ తగులును. ఈ విధముగా శ్రుతి కలిసినప్పుడు ఒకదానికి మఱియొకటి మాఱుపలుకుటను అనునాదమందురు. మా బిందెలోని గాలికిని, ఆ వింటినారికిని శ్రుతి కలిసినది. నీరు పోయగా ఆ శ్రుతి చెడినది.

ఈ అనునాదమును, అందును మన దేశపు వాద్యములలోని అనునాదమును, ఏండ్లతరబడి శోధించిన మహాశాస్త్రజ్ఞుడు సర్ చంద్రశేఖర వేంకటరామన్. ఆయనకు నోబెల్ బహుమానమును తెచ్చినది కాంతి. కాని అంతకు పూర్వము ఎన్నో ఏండ్లు ఆయన మనస్సును పట్టియుంచినది నాదము. కాంతినిగూర్చి మీ విజ్ఞానశాస్త్ర పుస్తకములు చెప్పును గనుక నేనిచట నాదమునుగూర్చియే ఎక్కువగా వ్రాసెదను.

రామన్ 1888వ సంవత్సరము నవంబరు 7వ తేదీన తిరుచిరాపల్లిలో జన్మించెను. తండ్రి చంద్రశేఖర అయ్యరు, తల్లి పార్వతీ అమ్మాళ్. పుట్టినది తమిళదేశమైనను ఆయన అక్షరాభ్యాసము మొదలుకొని మద్రాసు కళాశాలలో చేరువఱకు పెరిగినది మన విశాఖపట్టణమున. 1892లో తండ్రికి అచటి శ్రీమతి ఎ.వి.ఎన్. కళాశాలలో ఉపన్యాసకపదవి లభించెను. ఆయన గణితమును, భౌతికశాస్త్రమును బోధించెడివాడు. ఫిడేలు చక్కగా వాయించెడివాడు. కావున ఆ బాలుడు పుస్తకములలోని శాస్త్రమును, తంత్రులలోని నాదమును ఒకే యింట నేర్చెను. పదునొకండవ యేట మెట్రిక్యులేషను, పదుమూడవ యేట ఎఫ్.ఎ. ముగించి, పిమ్మట మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చేరి, 1904లో బి.ఎ. యందు ప్రథముడుగా ఉత్తీర్ణుడయ్యెను. ఆ వయస్సున మనలో పలువురము హైస్కూలు మెట్లు కూడ దాటియుండము.

చిన్ననాటి చదువులలో ఆయన నెక్కువగా కదిలించిన గ్రంథములలో జర్మను శాస్త్రజ్ఞుడు హెల్మ్‌హోల్ట్జ్ స్వరములనుగూర్చి రచించినది యొకటి. తంత్రి యెట్లు మ్రోగునో, ఒక స్వరము చెవికేల ఇంపగునో, వేఱొకటి యేల కటువగునో అందు వివరింపబడెను. అది చదివిన బాలునకు తన తండ్రి ఫిడేలుపై పలికించిన నాదములన్నియు ప్రశ్నలై తోచియుండుననుటలో వింతలేదు.

ఇంగ్లండు పోయి చదువవలెనని ఉపాధ్యాయులు ప్రోత్సహించిరిగాని, ఆయన సన్నని శరీరమును చూచి వైద్యుడు ఆ శీతలదేశమునకు తగడని తీర్మానించెను. ఆ కాలమున స్వదేశమునందుండి శాస్త్రశోధన చేసి బ్రతుకుటకు మార్గములు లేవు. గత్యంతరములేక రామన్ ఆర్థికశాఖ ఉద్యోగపరీక్షకు కూర్చుండి, అందును ప్రథముడై, 1907లో కలకత్తాలో సహాయ అక్కౌంటెంటు జనరలుగా నియమింపబడెను. అప్పటికాయనకు పందొమ్మిదేండ్లు నిండలేదు. ఆ యేడే లోకసుందరి అమ్మాళ్‌ను వివాహమాడెను. ఆమె వీణపై త్యాగరాజకృతి వాయించుచుండగా విని ఆయన ఆమెను వరించెనని ఆయన చరిత్రకారులు వ్రాసిరి. త్యాగరాజస్వామి ఇంటిపేరు కాకర్ల. ఆ కాకర్ల గ్రామము మన ప్రకాశము జిల్లాలో కంభము ప్రాంతమున కలదు. కావున ఆ పెండ్లిలో మన జిల్లాకును కొంచెము పాలు కలదని నేను మా విద్యార్థులతో ననుచుండెడివాడను.

కలకత్తాలో ఒకనాడు ట్రాముబండిలో పోవుచుండగా బౌబజారు వీథిలో భారత విజ్ఞానాభివర్ధక సంఘము అను పలక ఆయన కంటబడెను. మహేంద్రలాల్ సర్కార్ అను వైద్యుడు 1876లో స్థాపించిన సంస్థ అది. లోపల పరికరములు కలవు, పనిచేయువారు లేరు. రామన్ తలుపు తట్టగా ఆశుతోష్ డే అను ఉద్యోగి తలుపు తీసెను. తరువాత ఎన్నో ఏండ్లు రామన్ ప్రయోగములకు కుడిచేయిగా నుండినది ఆ ఆశుబాబే. నాటినుండి తెల్లవారక పూర్వము లేచి ప్రయోగశాలకు పోవుట, పది గంటలకు కచేరిలో లెక్కల కాగితముల ముందు కూర్చుండుట, సాయంకాలము మరల ప్రయోగశాల చేరి రాత్రి ప్రొద్దుపోవువఱకు పనిచేయుట ఆయన దినచర్య యయ్యెను. నడుమ రంగూనునకు, నాగపురమునకు బదిలీలు వచ్చినను పని ఆగలేదు. పది సంవత్సరములు ఇట్లే జరిగెను.

మొదట ఆయన దృష్టిని ఆకర్షించినది ఒక తంత్రి, ఒక శ్రుతిదండము. ఊయలను వెనుకనుండి నెట్టుట ఒక విధము. నెట్టువారు లేకున్నను, ఊయలపై నిలుచున్న పిల్ల తగిన సమయమున కూర్చుండుచు లేచుచు దానిని ఊపుకొనుట వేఱొక విధము. అప్పుడు ఊయల ఒకమారు పోయి వచ్చులోపల పిల్ల రెండుమారులు లేచి కూర్చుండును. అదే విధముగా తంత్రిని ప్రక్కకు గాక నిలువున, అనగా దాని పొడవున, శ్రుతిదండము లాగి వదలుచుండెనేని, దండపు కంపనసంఖ్యలో సగముతో తంత్రి కంపించును. ఇది మెల్డే అను జర్మను పండితుడు ఎఱిగించినదే. రామన్ దీనిని మఱింత పరీక్షించి, సగముతోనేగాక ఆ సగమునకు రెండింతలు, మూడింతలు, ఇంకను పై గుణిజములతోడను తంత్రిని నిలకడగా కంపింపజేయవచ్చునని చూపి, 1909లో నేచర్ పత్రికలో ప్రకటించెను. ఆ యేడే బైరాగుల చేతనుండు ఏకతారనుగూర్చియు ఒక వ్యాసము వ్రాసెను. ఇండియాలో ఒక లెక్కలశాఖ ఉద్యోగి వ్రాసిన కాగితములవి.

పిదప ఫిడేలు వంతు వచ్చెను. ఫిడేలుతంత్రి స్వయముగా చేయు ధ్వని అత్యల్పము. సన్నని దారము గాలిని ఎంతమాత్రము కదల్చగలదు? తంత్రి కంపనము గుఱ్ఱముమీదుగా దిగి, పలుచని కొయ్యపెట్టెను, అందలి గాలిని అనునదింపజేసినప్పుడే సభలోని కడపటివానికి వినబడును. కావున మంచి ఫిడేలనగా మంచి అనునాదము గల పెట్టెయే. కాని ఈ అనునాదము మితిమీఱినచో ప్రమాదమని తెలుపు వింత యొకటి కలదు. చెల్లో అను పెద్ద ఫిడేలునందు ఏదో ఒక స్వరముకడ కమాను ఎంత నేర్పుగా లాగినను నాదము నిలువక, గుఱ్ఱుగుఱ్ఱుమని తడబడును. ఐరోపా వైణికులు దానికి తోడేలుస్వరమని పేరిడిరి. పెట్టెకు సహజమైన కంపనసంఖ్యయు, తంత్రి పలుకు స్వరమును సరిగా ఒక్కటైనప్పుడు ఇది కలుగును.

ఎందులకు కలుగునో రామన్ 1916లో విశదపఱచెను. పెట్టె బలముగా కంపించుటకు కావలసిన శక్తి నంతయు తంత్రినుండియే లాగికొనును. తంత్రికి శక్తినిచ్చునది కమాను. కమాను నొక్కుడు ఒక పరిమితికి తక్కువైనచో తంత్రిని అది పట్టి నడపజాలదు. పెట్టె కంపనము పెరిగినకొలది కావలసిన నొక్కుడు పెరిగి, కమాను పట్టు తప్పును. తంత్రి పైస్థాయి స్వరమునకు జారును. అంతట పెట్టెకు పోషణ లేక దాని కంపనము తగ్గును. తగ్గగానే కమాను మరల తంత్రిని పట్టుకొనును. తొలి స్వరము తిరిగివచ్చును. పెట్టె మరల విజృంభించును. ఈ పెరుగుదల తరుగుదలల యాటయే తోడేలు గుఱ్ఱు. తంత్రి కదలికను, పెట్టె కదలికను ఒకేసారి ఛాయాచిత్రములుగా తీసి ఆయన దీనిని కన్నులకు కట్టించెను. తరువాత యంత్రముతో వాయింపబడు ఫిడేలును కూడ నిర్మించెను. అందు కమాను కదలదు. ఫిడేలే సమవేగముతో ముందునకు వెనుకకు పోవును. మనుష్యుని చేతివణకు, అలసట లేని ఆ యంత్రముతో ఏ స్వరమునకు ఎంత నొక్కుడు కావలయునో ఆయన కొలిచెను.

ఇంతలో జీవితమున ఒక పెద్ద చిక్కు వచ్చెను. కలకత్తా విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షుడు అశుతోష్ ముఖర్జీ ఈ యువకుని పనిని గమనించి, తారక్‌నాథ్ పాలిత్ పేరిట నెలకొల్పిన భౌతికశాస్త్రాచార్యపదవికి ఆయనను పిలిచెను. ప్రభుత్వోద్యోగములో జీతము హెచ్చు; మున్ముందు శాఖలో అత్యున్నతపదవి చేరుట నిశ్చయము. ఆచార్యునకు లభించునది అందులో దాదాపు సగము. సంసారి యైనవాడు ఏది కోరుకొనును? నా ఉద్యోగకాలములో, ఒక చిన్న ఊరి బడినుండి ఎక్కువ జీతము గల వేఱొక పనికి పోవలెనా మానవలెనా అని నేను ఆరునెలలు తర్కించుకొంటిని. కావున ఆ చిక్కు ఎంత బరువైనదో నాకు కొంత తెలియును. రామన్ 1917లో ఉద్యోగమునకు రాజీనామానిచ్చి ఆచార్యపదవి స్వీకరించెను.

స్వేచ్ఛ లభించిన పిదప ఆయన చూపు మన మృదంగముపై, తబలాపై పడెను. ఇచట ఒక గౌరవప్రశ్న యిమిడియున్నది. తంత్రి మ్రోగునప్పుడు మూలస్వరముతో పాటు దానికి సరిగా రెండింతలు, మూడింతలు, నాలుగింతలు కంపనసంఖ్య గల అనుస్వరములు కూడ పుట్టును. పూర్ణసంఖ్యల ఈ పొందికవలననే తంత్రినాదము చెవికి శ్రుతిబద్ధమై యుండును. సమముగా బిగించిన తోలు అట్లుగాదు. దాని పైస్వరములు మూలమునకు సుమారు 1.59 రెట్లు, 2.14 రెట్లు, 2.30 రెట్లు, ఇట్లు భిన్నసంఖ్యలుగా నుండును. అందుచే వట్టి డప్పు శబ్దమునకు లయ కలదుగాని శ్రుతి లేదు. ఐరోపా ధ్వనిశాస్త్రజ్ఞులు చర్మవాద్యములను సాధారణముగా ఈ కారణముననే స్వరవాద్యముల పంక్తిలో చేర్చరైరి. మఱి మన మృదంగమును గాయకుని షడ్జమునకు శ్రుతిచేసి వాయించుచున్నామే, అది యెట్లు?

రహస్యమంతయు వలంతలపై నడుమనుండు నల్లని కరణిలో కలదని రామన్ కనుగొనెను. నల్లరాతిపొడిని అన్నపుముద్దతో మెత్తగా నూఱి, పలుచని పొరలుగా ఒకదానిపై నొకటి వేసి, ప్రతి పొరను రాతితో రుద్ది ఆరబెట్టి చేయుదురు. నడుమ దళముగా, అంచులకు పలుచగా నుండును. ఈ బరువు తోలుయొక్క కంపనములను ఒక్కొక్కదానిని వేర్వేఱు మేరకు మందగింపజేసి, భిన్నసంఖ్యలను సరిదిద్ది పూర్ణసంఖ్యలకు తెచ్చును. రామన్, ఆయన శిష్యుడు శివకాలి కుమార్ ఈ విషయమును 1920లో నేచర్ పత్రికలో వెల్లడించిరి. తోలుపై సన్నని ఇసుక చల్లి, వ్రేలితో తగినచోట తాకుచు మీటగా, కంపింపని రేఖలవెంట ఇసుక ప్రోగుపడి గీతలు, వలయములు ఏర్పడెను. ఆ ముగ్గులను చదివి, తోలు చేయు మొదటి తొమ్మిది విధముల కంపనములు ఐదు స్వరములుగా కూడియున్నవనియు, ఆ ఐదును ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు అను వరుసలో నున్నవనియు ఆయన నిర్ణయించెను. తొప్పివైపున వాయించుటకు ముందు అంటించు గోధుమరవ్వముద్దయు ఇట్టి పనియే చేయును. అచట శ్రుతిని ఒక స్థాయి దించును.

దీనిని కనిపెట్టినవాడెవ్వడు? అతని పేరు ఏ గ్రంథమునను లేదు. అమరావతి శిల్పములలో మద్దెలలు వాయించువారిని చూచెదము. వారి పిదప ఏ తరమున, ఏ తోలుపనివాడు, ఎన్ని వందలమారులు పూసి, విని, గీకి, మరల పూసి ఈ కొలతను సాధించెనో! గణితము తెలియని ఆ చెవికి, గణితము తెలిసిన రామన్ చేసిన నమస్కారమే ఆ వ్యాసమని నా యభిప్రాయము. పండితులు తక్కువజాతిదని చూచిన వృత్తిలో ఇంతటి శాస్త్రము దాగియుండుట మనము సిగ్గుతో తెలిసికొనవలసిన విషయము.

1921లో తంబురను, వీణను పరీక్షించెను. తంత్రిని ఎచట మీటుదుమో అచట నిశ్చలముగా నుండవలసిన అనుస్వరములు పుట్టరాదని పూర్వశాస్త్రజ్ఞులు చేసిన నియమము. మన తంబుర ఆ నియమమును లెక్కచేయదు. దాని గుఱ్ఱము పైభాగము ఐరోపా వాద్యములందువలె వాడియైన అంచు గాక వెడల్పుగా, కొంచెము వంపుగా నుండును. తంత్రికిని గుఱ్ఱమునకును నడుమ ఒక నూలుపోగు దూర్చుదురు. దానినే జీవ యందురు. ఆ పోగు సరియైన చోట కుదిరినంతనే, కంపించు తంత్రి గుఱ్ఱపు వంపును పదే పదే తాకి, రావలదన్న అనుస్వరములను కూడ పలికించును. పోగు తీసివేసినచో తంబుర నిర్జీవమగును. వీణ గుఱ్ఱపు వంపునందును ఇట్టి గుణమే కలదని ఆయన చూపెను. మా చేలలో పండిన ప్రత్తినుండి వడికిన పోగు ఇంతపని చేయుననుకొన్నప్పుడు నాకు దూదేకు విల్లు జ్ఞప్తికి వచ్చును.

ఆ సంవత్సరమే విశ్వవిద్యాలయముల మహాసభకై ఆయన ఇంగ్లండు పోయి, లండనులోని సెంటు పాల్ దేవాలయ గోపురమున గుసగుసలు గోడవెంట ప్రాకిపోవుట పరీక్షించెను. తరువాత బీజాపురమున గోల్‌గుంబజులోను అదే పని చేసెను. ఇంగ్లండునుండి తిరుగుప్రయాణమున మధ్యధరాసముద్రపు నీలవర్ణము ఆయన నాకర్షించెను. నీటి అణువులు కాంతిని చెదరగొట్టుటయే ఆ నీలమునకు కారణమని నిరూపించి, నాటినుండి ఎక్కువగా కాంతివైపు మరలెను. 1928 ఫిబ్రవరి 28వ తేదీన కె.ఎస్. కృష్ణన్ తోడ్పాటుతో కనిపెట్టినదే రామన్ ఫలితము. ఒకే రంగు గల కాంతి ద్రవముగుండ పోవునప్పుడు, చెదరిన కాంతిలో స్వల్పముగా క్రొత్త రంగులు కానవచ్చును. ఆ రంగుల తేడా అణువు తనలో తాను కంపించు సంఖ్యతో సరిపోవును. ఇది అనునాదము కాదని మీరు గుర్తింపవలెను. అయినను, ప్రతి అణువునకును వీణతంత్రివలె తనదైన స్వరములున్నవనుట, అంతకాలము తంత్రుల చెంత కూర్చున్నవానికి సహజముగనే తోచియుండును. 1930లో ఆయనకు నోబెల్ బహుమానము లభించెను. విజ్ఞానశాస్త్రమున దానినందుకొన్న మొదటి ఆసియావాసి ఆయనయే. కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టిన సూరి భగవంతము 1928లో ఆయన చెంతజేరి, ఆయనతో కలిసి వ్యాసములు ప్రకటించి, పిమ్మట వాల్తేరు ఆంధ్ర విశ్వకళాపరిషత్తున ఆచార్యుడయ్యెను. విశాఖపట్టణము తనకు నేర్పిన చదువునకు రామన్ వడ్డీతో కూడ తీర్చెనని చెప్పవచ్చును.

1933లో ఆయన బెంగుళూరు భారతీయ విజ్ఞానసంస్థకు డైరెక్టరుగా వచ్చెను. ఆయన మాట కత్తివంటిది. తన మాట కాదన్నవారిని సహించు ఓర్పు తక్కువ. పరిపాలనలో తగవులు పెరిగి 1937లో డైరెక్టరు పదవి వదలుకొనవలసివచ్చెను. ఆచార్యుడుగా మాత్రము 1948వఱకు అచటనే యుండెను. ఆ మొదటి తగవుల కాలముననే ఆయన మరల మృదంగమును చేతబట్టి, భారతీయ చర్మవాద్యములనుగూర్చి సమగ్రమైన వ్యాసమును, తాను స్థాపించిన భారతీయ విజ్ఞాన అకాడమీ పత్రికలో ప్రకటించుట గమనింపదగినది. 1948లో బెంగుళూరున తన పేరిట పరిశోధనాలయమును నెలకొల్పెను. 1954లో ప్రభుత్వము భారతరత్న బిరుదమునిచ్చెను.

1970వ సంవత్సరము నవంబరు 21వ తేదీన ఎనుబది రెండేండ్ల వయస్సున రామన్ మృతినొందెను. తన కోరిక ప్రకారము పరిశోధనాలయపు తోటలోనే దహనసంస్కారము జరిగెను. ఆ స్థలమున సమాధి కట్టలేదు. ఒక చెట్టు నాటిరి.